ఇంటి డాక్టరమ్మ జీవితాన్ని రాసిపెట్టడం: ఎవరిని అడగాలి, ఏ కాగితం వెతకాలి, ఎలా అచ్చు వేయాలి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో 1940ల నుంచి 1970ల దాకా పనిచేసిన లేడీ డాక్టర్ల గురించి వాళ్ల ఇళ్లలో ఇవాళ మిగిలింది చూస్తే, గోడకు ఒక ఫోటో, చట్రం కట్టిన పట్టా, 'దేవతలాంటి మనిషి' అన్న మాట. ఆ మాట ప్రేమతో అన్నదే. కానీ దాన్ని బట్టి ఆమె ఏం చేసిందో ఒక్కటీ తెలియదు. కరెంటు పోయిన థియేటర్లో ఏ దీపం వెలుగులో ఆపరేషన్ చేసింది, జీతంలో ఎంత తమ్ముళ్ల చదువుకు పంపింది, నైట్ డ్యూటీకి పోతే చంటిబిడ్డను ఎవరి ఒళ్లో పెట్టి పోయింది అన్నవి రాస్తేనే ఆ మనిషి కనిపిస్తుంది. సంవత్సరీకానికో శతజయంతికో 64 పేజీల చిన్న పుస్తకం వేయాలనుకునే కుటుంబాలకు పనికొచ్చే పద్ధతి ఇది. తీరిగ్గా చేసుకుంటే ఏడాది పడుతుంది.

మొదట మనుషులు, తరవాతే కాగితాలు

బీరువాలో కాగితాలు ఇంకో ఆరు నెలలు ఆగినా నష్టం లేదు. ఎనభై దాటిన ఆయా ఆగలేదు. కాబట్టి ముందు వెతకాల్సింది ఆమె చేతికింద పనిచేసిన ఆయాలు, థియేటర్ నర్సమ్మలు, కాంపౌండర్లు, జీపు డ్రైవర్లు. తరవాత జూనియర్ డాక్టర్లు, ఆమె తోబుట్టువులు. సొంత పిల్లలను చివరికి పెట్టుకోండి. పిల్లలకు తెలిసింది అమ్మ. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మను వాళ్లు చూసింది తక్కువ. పైగా ఇంట్లో కథలు చెప్పీ చెప్పీ ఒకే అచ్చుకు వచ్చేసి ఉంటాయి. బయటివాళ్ల దగ్గర విన్నది పట్టుకొని పోయి అడిగితే, ఇంటివాళ్లకు కూడా మరిచిపోయినవి గుర్తొస్తాయి.

పాత సిబ్బంది ఆచూకీ ఆసుపత్రి ఆఫీసులో దొరకడం కష్టం. రిటైరైన ఉద్యోగుల సంఘాలను, ఆసుపత్రి ఎదుట ఏళ్ల తరబడి ఉన్న మందుల షాపులను అడగండి. ఒక నర్సమ్మ దొరికితే ఆమె ఇంకో ముగ్గురి ఇళ్లు చూపిస్తుంది.

రికార్డింగుకు మామూలు ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మనిషికి రెండడుగుల దూరంలో, మడిచిన తువ్వాలు మీద ఉంచండి. ఫ్యాను ఆపాల్సిందే. ఆ గాలి చప్పుడు మాటను మింగేస్తుంది, తరవాత ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. అందుకే మన ఎండల్లో మార్చి నుంచి జూన్ దాకా ఈ పని పెట్టుకోవద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల, పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య పోండి. ఒక విడతకు ముప్పావు గంట చాలు, దాటితే పెద్దవాళ్లు అలిసిపోయి అవుననీ కాదనీ ముగిస్తారు. మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, వయసు గట్టిగా చెప్పండి. అచ్చు వేసుకోవచ్చా అని అడిగి ఆ జవాబును కూడా రికార్డులోకి ఎక్కించండి. గంట మాటలు కాగితం మీదికి దించడానికి ఐదారు గంటలు పడుతుంది. దించేటప్పుడు యాసను దిద్దొద్దు. 'వస్తా ఉండె', 'యాడికి', 'పిలుచుకొని పోయిరి' అన్నవి అట్లనే ఉండాలి. వాటిని పుస్తకాల తెలుగులోకి మారిస్తే ఆయా మాట, కలెక్టరు మాట ఒకే గొంతులో వినిపిస్తాయి.

'డాక్టరమ్మ ఎట్లాంటి మనిషి?' అని అడిగారంటే దేవత అనే వస్తుంది. చేతులతో చేసిన పని గురించి అడగాలి. అవ్వా, రాత్రిపూట కేసు వస్తే క్వార్టర్సుకు కబురు ఎవరు తీసుకుపోతుండిరి? ఆమె నడిచి వస్తుండెనా, జీపులోనా? చేతులు దేంతో కడుక్కునేది? సామాన్లు ఎక్కడ, ఎంతసేపు ఉడకబెట్టేవాళ్లు? మత్తు ఎవరు ఇచ్చేవాళ్లు? రక్తం కావాల్సి వస్తే ఎవరి దగ్గర తీసేవాళ్లు? ఊరి మంత్రసాని కేసు తెస్తే ఆమెను లోపలికి రానిచ్చేదా, బయటే నిలబెట్టేదా? కోపం వస్తే ఏమనేది? తల్లో బిడ్డో దక్కకపోతే బయట కూర్చున్నవాళ్లకు ఎవరు చెప్పేవాళ్లు?

ఆ ఆఖరి ప్రశ్న అడిగాక మీరు మాట్లాడొద్దు. అర నిమిషం, నిమిషం మౌనం వచ్చినా అందుకోవద్దు. చాలాసార్లు అసలు సంగతి ఆ మౌనం తరవాతే వస్తుంది.

ఏళ్ల పట్టిక

ఒక ఏ3 కాగితం మీద ఐదు గళ్లు గీయండి: సంవత్సరం, ఆమె వయసు, ఊరు, ఏం జరిగింది, ఎవరు చెప్పారు లేదా ఏ కాగితంలో ఉంది. ఆ ఐదో గడి ఖాళీగా ఉన్న ఏ సంగతీ పుస్తకంలోకి పోకూడదు.

పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. కాబట్టి అందరికీ తెలిసినవి ముందే పట్టికలో ఎక్కించుకోండి: 1947 స్వాతంత్ర్యం, 1950ల మొదట్లో సీమ కరువు, గంజి కేంద్రాలు, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోవడం, అదే ఏడు కర్నూలు మెడికల్ కాలేజీ మొదలవడం, 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన, 1977లో సంజీవరెడ్డి రాష్ట్రపతి కావడం, 1981లో శ్రీశైలం ముంపు ఊళ్లు ఖాళీ చేయించడం, 2009 అక్టోబరు వరద. 'ఏ సంవత్సరం?' అని అడిగే బదులు 'కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడా, ముందా?' అని అడగండి. జవాబు వెంటనే వస్తుంది, చాలావరకు నమ్మదగ్గదిగా ఉంటుంది.

పుట్టిన తేదీ దగ్గర అందరూ తడబడతారు. జాతకంలో ఒకటి, ఎస్సెస్సెల్సీ (హైస్కూలు ముగింపు సర్టిఫికెట్) పుస్తకంలో ఇంకొకటి ఉంటుంది. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు ఒక తేదీ వేసేయడం ఆ రోజుల్లో మామూలే. జాతకంలో తెలుగు సంవత్సరం ఉంటే ఇట్లా లెక్కవేయండి. ప్రభవ 1927 ఉగాదితో మొదలైంది, మళ్లీ 1987లో వచ్చింది. ప్రమోదూత నాలుగోది, అంటే 1930 ఉగాది నుంచి 1931 ఉగాది దాకా. 'ప్రమోదూత నామ సంవత్సరం, మాఘ మాసం' అని ఉంటే ఆమె పుట్టింది 1931 ఆరంభంలో. మాఘం జనవరి, ఫిబ్రవరి మధ్య వస్తుంది గనక 1930 అని రాస్తే ఏడాది తప్పు పోతుంది. పుష్యం (జనవరిలో పడితే), మాఘం, ఫాల్గుణాల్లో పుట్టినవాళ్ల విషయంలో జరిగే పొరపాటు ఇది. రెండు తేదీలూ పుస్తకంలో వేసి, ఏది ఎక్కడిదో చెప్పండి. ఉద్యోగం లెక్కలన్నీ ఎస్సెస్సెల్సీ తేదీ మీదే నడుస్తాయి.

ఇంకో చిక్కు. 1983లో రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించారు. ఆ ఏడు 55 దాటి ఇంటికి వచ్చిన డాక్టరును 'స్వచ్ఛందంగా మానుకుంది' అని రాయొద్దు. అది ఆమె నిర్ణయం కాదు.

జిల్లా పేర్లు చూసుకోండి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లాలోవి. బనగానపల్లె 1948 దాకా నవాబు సంస్థానం. గిద్దలూరు, మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలులోనే ఉండేవి. నంద్యాల, పుట్టపర్తి, రాయచోటి కేంద్రాలుగా కొత్త జిల్లాలు వచ్చింది 2022లో. పాత దస్త్రాన్ని ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే దొరకదు. కడప పేరు ఇంగ్లీషు కాగితాల్లో 2005 దాకా 'కడ్డపా' అన్న పాత స్పెల్లింగుతోనే ఉంటుంది, ఆ అక్షరాలతోనే వెతకాలి.

సర్వీసు కాగితాలు

ప్రభుత్వ డాక్టరైతే అన్నిటికన్నా విలువైనది సర్వీసు రిజిస్టరు. ఏ ఊళ్లో ఏ తేదీ ఉదయం చేరింది, ఏ తేదీ మధ్యాహ్నం రిలీవ్ అయింది, ఎన్ని రోజులు సెలవు పెట్టింది అన్నీ అందులో ఉంటాయి. ప్రసూతి సెలవుల తేదీలను పిల్లల పుట్టినరోజుల పక్కన పెట్టి చూడండి. కాన్పుకు ఎన్ని రోజుల ముందు దాకా డ్యూటీ చేసిందో, ఎన్నో రోజున తిరిగి చేరిందో తెలుస్తుంది. ఒక పేజీ పొగడ్త చెప్పలేనిది ఆ రెండు తేదీలు చెబుతాయి. రిజిస్టరు ఇంట్లో లేకపోతే పెన్షన్ ఆర్డరు నంబరు రాసుకొని, ఆమె చివరగా పనిచేసిన ఆఫీసుకు వారసులు అర్జీ పెట్టాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అందులో 'వివరాలన్నీ ఇవ్వండి' అని రాయకుండా, పేరు, హోదా, రిటైరైన సంవత్సరం వేసి ఏ రిజిస్టరు నకలు కావాలో అది మాత్రమే అడగండి.

1953కు ముందు చదువు, ఉద్యోగం అయితే దారి మద్రాసుకు పోతుంది. అక్కడి వైద్య మండలి రిజిస్ట్రేషన్ 1914 చట్టం కింద మొదలైంది. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వపు పాత ఉత్తర్వులు, సివిల్ లిస్టులు (ప్రభుత్వ ఉద్యోగుల జాబితాలు) ఉంటాయి. హోదాను జాగ్రత్తగా చదవండి. 'సబ్ అసిస్టెంట్ సర్జన్' అంటే సాధారణంగా ఎల్.ఎం.పి. (ఎం.బి.బి.ఎస్. కన్నా చిన్నదైన వైద్య లైసెన్సు చదువు) చదివినవాళ్లు, 'ఉమన్ అసిస్టెంట్ సర్జన్' అంటే ఎం.బి.బి.ఎస్. వాళ్లు. ఎల్.ఎం.పి. చేసి, కొన్నేళ్లు పనిచేశాక కండెన్స్‌డ్ (కుదించిన) కోర్సులో ఎం.బి.బి.ఎస్. తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఇంట్లో 'ఎం.బి.బి.ఎస్.' అని మాత్రమే గుర్తుంటుంది, మధ్యలో ఆమె పడ్డ రెండో చదువు కష్టం మాయమైపోతుంది. మద్రాసులో ఆడవాళ్ల కోసం లేడీ విల్లింగ్డన్ మెడికల్ స్కూలు 1923లో వచ్చింది. వెల్లూరులో అయిడా స్కడర్ 1918లో పెట్టిన మిషన్ స్కూలులో మొదట ఎల్.ఎం.పి. నేర్పేవాళ్లు, ఎం.బి.బి.ఎస్. 1942లో మొదలైంది. ఆమె చదివిన ఏళ్లు, చదువు పేరు ఈ తేదీలకు సరిపోతున్నాయా అని చూసుకోండి.

పేరుతో వెతికేటప్పుడు పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండింటితోనూ వెతకాలి. కాలేజీ రిజిస్టర్లలో పెళ్లికి ముందరి ఇంటిపేరే ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో చోట ఒక్కో రకం. మిషన్ ఆసుపత్రిలో, ఉదాహరణకు జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో పనిచేసినవాళ్లయితే ప్రభుత్వ దస్త్రాల్లో పేరు దొరక్కపోవచ్చు. ఆ మిషన్ల వార్షిక నివేదికలే ఆధారం.

'తొలి' అన్న మాట

'రాయలసీమ తొలి మహిళా డాక్టర్' అని అట్టమీద వేసే ముందు ఆగండి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆడవాళ్లను 1875లోనే చేర్చుకున్నారు. ముత్తులక్ష్మి రెడ్డి అక్కడ 1912లో పట్టా తీసుకున్నారు. మిషన్ ఆసుపత్రుల్లో ఎప్పటి నుంచో లేడీ డాక్టర్లు ఉన్నారు. కాబట్టి 'తొలి' అంటే ఎక్కడ, దేంట్లో తొలి అన్నది కాగితంతో చూపించగలిగినంతే రాయాలి. 'మా ఊరి నుంచి ఎం.బి.బి.ఎస్. చదివిన మొదటి అమ్మాయి', 'ఫలానా తాలూకా ఆసుపత్రికి వేసిన మొదటి లేడీ డాక్టరు' అన్నవి చిన్నవిగా కనిపించినా నిలబడతాయి. రుజువు లేని పెద్ద మాట ఒకటి పట్టుబడితే పుస్తకంలోని మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

'వేల కాన్పులు చేశారు' కూడా ఇట్లాంటిదే. కాన్పుల రిజిస్టరు చూడగలిగితే ఒక మామూలు నెలలో ఎన్ని కాన్పులు, ఆ నెలలో ఎంతమంది డాక్టర్లు డ్యూటీలో ఉన్నారు అని చూసి, ఆ లెక్కను అట్లనే రాయండి. ఆసుపత్రి మొత్తం కాన్పులను ఒక్కరి ఖాతాలో వేస్తే మిగతా డాక్టర్లకు, రాత్రంతా నిలబడ్డ నర్సమ్మలకు అన్యాయం చేసినట్టే.

వైద్యాన్ని రాయడం

ఇక్కడే చాలా పుస్తకాలు చప్పబడిపోతాయి. 'ఎన్నో క్లిష్టమైన కేసులు' అని రాసి ముగించేస్తారు. ఒక్క కేసును దగ్గరగా చూపిస్తే చాలు. ఉదాహరణకు, బిడ్డ అడ్డం తిరిగిన తల్లిని ఎద్దుల బండిలో తెచ్చేసరికి నొప్పులు మొదలై రెండు రోజులు అయ్యేది. అప్పటికే గర్భసంచి చిరిగి ఉండొచ్చు. స్కానింగు లేదు. పొట్టమీద చెయ్యి పెట్టి తల ఎక్కడుందో చూడటం, గరాటులాంటి ఫీటోస్కోపు చెవికి ఆనించి గుండె చప్పుడు వినడం, అంతే. మత్తంటే ముఖం మీద గుడ్డ వేసి చుక్కలు చుక్కలుగా పోసే ఈథరో క్లోరోఫామో. బిడ్డ అప్పటికే చనిపోయి ఉంటే తల్లిని దక్కించుకోవడానికి బిడ్డను ముక్కలు చేసి తీయాల్సి వచ్చేది. ఇది రాయడానికి చెయ్యి రాదు, కానీ ఆమె చేతులు ఆ పని చేశాయి. సున్నితంగా, రెండు వాక్యాల్లో రాయండి, వదిలేయొద్దు.

గుర్రపువాతంతో (గర్భిణులకు, బాలింతలకు రక్తపోటు పెరిగి వచ్చే ఫిట్స్) వచ్చినవాళ్లను చీకటి గదిలో, చప్పుడు కాకుండా, మత్తుమందులతో ఉంచేవాళ్లు. మెగ్నీషియం సల్ఫేటు ఇవాళ మొదటి మందు. ఆమె కాలంలో ఏం వాడారో ఆమెతో పనిచేసినవాళ్లనే అడగండి. సల్ఫా మందులు 1930ల చివర్లో, పెన్సిలిన్ 1940ల మధ్యలో వచ్చాయి. అంతకుముందు బాలింత జ్వరానికి చేయగలిగింది చాలా తక్కువ. 1938లో పెన్సిలిన్ ఇచ్చి కాపాడినట్టు ఎవరైనా చెప్పారంటే ఏడాదో మందో తప్పు. బొడ్డుతాడును కొడవలితో కోసినందుకు ధనుర్వాతం వచ్చిన పసిబిడ్డలు, నారికురుపు, మశూచి, కుటుంబ నియంత్రణ క్యాంపులు: వీటన్నిటి గురించీ విడివిడిగా అడగాలి. క్యాంపుల్లో టార్గెట్ల ఒత్తిడి ఎట్లా ఉండేది, ఆమె ఎక్కడ ఒప్పుకుంది, ఎక్కడ ఎదురు తిరిగింది అన్నది ముఖ్యం. రాసినదంతా అచ్చుకు ముందు ఒక గైనకాలజిస్టుకు చూపించండి.

రోగుల పేర్లు వేయొద్దు. కేసు షీటు, రిజిస్టరు పేజీ ఫోటో వేస్తే పేరు, ఊరు, ఇంటిపేరు మూసేయండి. పెళ్లికాని తల్లులు, గర్భస్రావాలు, సుఖవ్యాధుల కేసుల్లో ఊరి పేరు కూడా మార్చడం కన్నా తీసేయడమే మేలు. చిన్న ఊళ్లలో రెండు ఆనవాళ్లు చాలు, మనిషిని పట్టేస్తారు.

ఇంటి పెద్దగా

ఆసుపత్రి ఒక అధ్యాయం, ఇల్లు ఇంకో అధ్యాయం అని విడగొట్టకండి. ఆమె రోజులో అవి విడిగా లేవు. డాక్టరమ్మ నైట్ డ్యూటీకి పోతే పిల్లలకు అన్నం పెట్టిందెవరు? విధవరాలైన మేనత్తో, పల్లె నుంచి తెచ్చుకున్న పనిపిల్లో అయితే ఆ మనిషికి పుస్తకంలో పేరు, ఒప్పుకుంటే ఫోటో ఉండాలి. భర్తకు ఒక ఊరు, ఆమెకు ఒక ఊరు పోస్టింగు అయిన ఏళ్లు పట్టికలో వేరే రంగుతో గుర్తు పెట్టండి. పల్లె నుంచి ఆసుపత్రికొచ్చే చుట్టాలంతా దిగేది ఆమె ఇంట్లోనే. రోజుకు ఎన్ని శేర్ల బియ్యం వండేవాళ్లు, ఎంత సంగటి కెలికేవాళ్లు, ఎంతమంది వరండాలో పడుకునేవాళ్లు అని వంటామెను అడిగితే ఆ ఇల్లు కళ్లకు కడుతుంది.

డబ్బు సంగతులకు మనియార్డరు రసీదులు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఇంటి లెక్కల పుస్తకం చూడండి. 1957 ఏప్రిల్ దాకా లెక్క రూపాయలు, అణాలు, పైలలో ఉంటుంది, రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పాత జీతాన్ని ఇవాళ్టి డబ్బులోకి మార్చొద్దు. అదే నెల లెక్కల్లో బియ్యం మూటకు, ఇంటి బాడుగకు ఎంత ఇచ్చారో పక్కన రాస్తే పాఠకుడే అందుకుంటాడు.

వంశవృక్షంలో ఆడపిల్లలను, వాళ్ల సంతానాన్ని కూడా నిండుగా వేయండి. ఆస్తి తగాదాలు, ఇష్టం లేని పెళ్లిళ్లు వస్తాయి. బతికున్నవాళ్ల గురించి రాసిన ప్రతి పేరాను వాళ్లకు చదివి వినిపించి, ఒప్పుకున్నాకే వేయాలి. ఆమె కోపిష్టి అయితే ఆ కోపం ఉండనివ్వండి. కూతుళ్లకు తీరిక ఇవ్వలేకపోయిందని వాళ్లే చెబితే అదీ ఉండనివ్వండి.

ఫోటోలు, తడిసిన కాగితాలు

స్కాను 600 డీపీఐలో, టిఫ్ ఫైలుగా. ఫోనుతో తీసిన ఫోటో వాట్సాప్‌లో పంపితే అచ్చుకు పనికిరాదు. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపాలి. గ్రూపు ఫోటోల అట్టమీద అచ్చయిన పేర్ల వరుసను, స్టూడియో ముద్రను కూడా కలిపి స్కాను చేయండి, తేదీ తేల్చడానికి అదే దారి చూపిస్తుంది. ఫోటో వెనక రాయాలంటే మెత్తని పెన్సిలే, అంచు దగ్గరే. బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు గీతగా లేస్తుంది.

2009 వరదలో కర్నూలు పాతబస్తీలో, 2021లో చెయ్యేరు వరదలో తడిసిన ఆల్బమ్‌లు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. అద్దానికి అంటుకున్న ఫోటోను పీకితే బొమ్మ అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాను చేయండి. ఒకదానికొకటి అంటుకుని ఎండిపోయిన వాటిని ఇంట్లో నీళ్లలో నానబెట్టొద్దు, పైపొర ఊడి వచ్చేస్తుంది. పైకి కనిపించేంత స్కాను చేసి, మిగతాది నిపుణులకు వదిలేయండి. పట్టాలకు, సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించొద్దు. వేడికి కాగితంలో అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ రాదు, లోపలి కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. ఆమ్లం లేని కాగితం కవర్లలో పెట్టి, స్టీలు బీరువాలో, గోడకు తగలకుండా, నేలకు జానెడు ఎత్తులో ఉంచితే చెదలు అంత తొందరగా చేరవు.

అచ్చు

డెమ్మీ 1/8 సైజులో (మామూలు తెలుగు పుస్తకాల సైజు) పేజీకి 200 మాటలు పడతాయి. 64 పేజీలంటే ఫోటోలకు 16 తీసేసినా దాదాపు 9,500 మాటలు. లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లితో కాగితం, ఫోటోలకు 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు. సెంటర్ పిన్నింగుకు (మధ్య మడతలో పిన్ను కొట్టే బైండింగు) పేజీలు నాలుగుతో భాగించబడాలి, ప్రెస్సు లెక్క మాత్రం 16 పేజీల ఫారాల్లో (ఒకేసారి అచ్చయ్యే పెద్ద షీటు) ఉంటుంది. 66 పేజీలు వచ్చిందంటే రెండు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు పడుతుంది. కోసి 64కు తేవడమే మంచిది.

మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో ఇంకా చాలాచోట్ల పాత ఫాంట్లే వాడతారు. యూనికోడ్‌లో ఇచ్చిన మ్యాటరును వాటిలోకి మారిస్తే ఒత్తులు, పొల్లులు చెదురుతాయి. 'ఎం.బి.బి.ఎస్.', 'క్వార్టర్స్', 'ఆర్ట్స్' లాంటి మాటలు, అంకెలు, పేర్లు మార్పిడి తరవాత ఒక్కొక్కటీ చూడాలి. ప్రూఫును ఇద్దరు చూడాలి, ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు మూలంతో పోల్చాలి. తేదీలకు మాత్రమే ఒక విడత, పేర్లకు మాత్రమే ఇంకో విడత పెట్టుకోండి. ఐ.ఎస్.బి.ఎన్. నంబరుకు ఖర్చు లేదు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. అచ్చుకు కనీసం నెల ముందు పెట్టుకోండి.

పంచేటప్పుడు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, ఆమె చదివిన కాలేజీ లైబ్రరీకి, కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి రెండేసి ప్రతులు ఇచ్చి రసీదు తీసుకోండి. మాట్లాడిన ప్రతి ఆయాకు, నర్సమ్మకు ఇంటికి తీసుకుపోయి ఇవ్వండి. చదవలేనివాళ్లకు వాళ్ల మాటలున్న పేజీ చదివి వినిపించండి. పుస్తకం బయటికొచ్చాక ఫోన్లు మొదలవుతాయి: ఫలానా ఏడు కాదు, ఫలానా ఊరు కాదు, మా దగ్గర ఇంకో ఫోటో ఉంది అని. వాటన్నిటినీ ఒక నోటుపుస్తకంలో తేదీ, చెప్పినవారి పేరుతో రాసుకొని, ఆరు నెలల తరవాత ఒక పేజీ తప్పొప్పుల పట్టిక వేసి, ప్రతులు ఇచ్చిన గ్రంథాలయాలన్నిటికీ పంపండి. రికార్డింగులు, స్కాన్లు రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు వేర్వేరు ఊళ్లలోని ఇళ్లలో ఉండాలి.